బోర్డు వెలిగింది, చదివేదెవరు?

మా బడికి దగ్గర్లో ఉన్న నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది. స్మార్ట్ సిటీ పనుల్లో భాగంగా పెట్టారు. కాసేపు ఉష్ణోగ్రత, కాసేపు తేమ, కాసేపు గాలి నాణ్యత, ఇలా అంకెలు మారుతూ ఉంటాయి. అంకె పక్కన ఇంగ్లీషులో ఒక మాట, రాష్ట్ర భాషలో ఒక మాట వస్తాయి. కిందటి చలికాలంలో ఒక సాయంత్రం మనవణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి, "సార్, ఆ పెట్టెలో ఏం రాసుంది?" అని అడిగారు. ఆవిడకు ఆయాసం ఉంది. పిల్లవాడితో కలిసి రోజూ రెండు కిలోమీటర్లు నడిచే వెళ్తారు.

బోర్డు మీద పసుపు రంగులో 168 అనీ, దాని పక్కన 'మోడరేట్' అనీ ఉంది. మోడరేట్ అంటే మధ్యరకం అని మాకు తెలుసు. మధ్యరకం అంటే భయపడాల్సిందేమీ లేదనుకున్నాం. "ఫరవాలేదమ్మా, మామూలుగానే ఉందట" అని చెప్పి పంపించాం.

ఇంటికి వెళ్లాక మనసు ఊరుకోలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన వివరణ తీసి చదివాం. 101 నుంచి 200 వరకు మోడరేట్. ఆ గాలిలో ఆస్తమా వంటి ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి శ్వాస ఇబ్బంది రావచ్చు, గుండె జబ్బులున్నవారికి, పిల్లలకు, పెద్దవాళ్లకు అసౌకర్యం కలగవచ్చు అని అందులో ఉంది. ఆవిడ ఆయాసం మనిషి, పెద్దావిడ, చేతిలో పిల్లవాడు. జాగ్రత్త చెప్పిన నాలుగు రకాలవారిలో మూడు రకాలవారు ఆ ఇద్దరిలోనే ఉన్నారు. మేం 'ఫరవాలేదు' అన్నాం. బోర్డు అబద్ధం చెప్పలేదు. బీఈడీ చదివి, రోజూ పిల్లలకు గ్రాఫులు నేర్పే మాకే ఆ బోర్డు చెప్పినది అర్థం కాలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నగరాలు డబ్బు ఖర్చుపెట్టి సమాచారం సేకరిస్తున్నాయి, బోర్డులు పెడుతున్నాయి. ఆ సమాచారం మనిషికి చేరుతోందా అన్న ప్రశ్న మాత్రం అడిగేవారు తక్కువ. మనలాంటి భాషా అల్పసంఖ్యాకుల బడుల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న ఇంకాస్త దగ్గరది.

నూరు నగరాలు, నూరు కంట్రోల్ రూములు

కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను 2015 జూన్ 25న ప్రారంభించింది. పోటీ పద్ధతిలో నూరు నగరాలను ఎంపిక చేసింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల జాబితాలోనే తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన షోలాపూర్, చెన్నై, కోయంబత్తూరు ఉన్నాయి. ఆ జాబితాలో మొదటి స్థానం భువనేశ్వర్‌ది. తర్వాతి విడతల్లో బెంగళూరు, వేలూరు, రూర్కెలా, పుదుచ్చేరి చేరాయి. గడువు పలుమార్లు పొడిగించాక 2025 మార్చి 31తో మిషన్ కాలం ముగిసింది.

నూరు నగరాల్లోనూ సమీకృత కమాండ్, కంట్రోల్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. గోడ నిండా తెరలు, వాటి మీద కెమెరా దృశ్యాలు, ట్రాఫిక్, వీధిదీపాలు, చెత్త బండ్లు, నీటి సరఫరా, గాలి నాణ్యత. అక్కడ కూర్చునే సిబ్బందికి ఏ రంగు ఏమిటో, ఏ గీత ఎందుకు పెరిగిందో శిక్షణలో చెబుతారు. తెర ముందు వాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. వాళ్లకు పది గ్రాఫులు ఒకేచోట ఉండటం సౌకర్యమే.

కూడలిలో నిలబడే మనిషి సంగతి వేరు. చేతిలో సంచి, పక్కన పిల్లవాడు, ఎదురుగా సిగ్నల్. బోర్డు వైపు చూడటానికి ఆ మనిషికి దొరికేది ఐదారు సెకన్లు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఆ మనిషికి కావలసింది గ్రాఫు కాదు, 'ఇప్పుడు నేనేం చేయాలి' అన్నదానికి జవాబు. కంట్రోల్ రూములోని అంకెనే రంగు మార్చకుండా, మాట మార్చకుండా తెచ్చి రోడ్డు మీద పెడితే అది ప్రజల బోర్డు అయిపోదు. చాలాచోట్ల జరుగుతున్నది మాత్రం ఇదే.

ఎవరి కోసం గీస్తున్నామో దాన్నిబట్టి బొమ్మ మారాలన్నది కొత్త సంగతి కాదు. 1933లో వెలువడిన లండన్ భూగర్భ రైలు పటాన్ని హ్యారీ బెక్ అనే ఇంజినీరింగ్ డ్రాఫ్ట్స్‌మన్ మార్చి గీశాడు. స్టేషన్ల మధ్య అసలు దూరాలు, పట్టాల అసలు వంపులు తీసేశాడు. నిలువు, అడ్డం, ఏటవాలు గీతలతో, ఒక్కో లైనుకు ఒక్కో రంగుతో సరిపెట్టాడు. భూగోళం లెక్కన ఆ పటం తప్పు. 'ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి' అని అడిగే ప్రయాణికుడికి అదే సరైనది. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలో చూస్తున్న పటాలన్నీ ఆ దారిలో నడిచినవే.

గోదావరి నేర్పిన కొలత

మంచి బోర్డు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి లండన్ దాకా కూడా వెళ్లక్కరలేదు. యానాంలో ఉండే మన పాఠకులను అడిగితే చాలు.

వానాకాలంలో గోదావరి పొంగినప్పుడు రేడియోలో, టీవీలో, ఇప్పుడు ఫోన్లో ఒకే మాట వినిపిస్తుంది. "ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక." 13.75 అడుగులకు రెండో ప్రమాద హెచ్చరిక, 17.75 అడుగులకు మూడోది. ఎగువన భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం దాటిన నీరు గౌతమీ పాయలో యానాం వైపు వస్తుంది. బడికి వెళ్లని పెద్దవాళ్లకు కూడా ఈ లెక్క తెలుసు. భద్రాచలంలో మూడోది అన్నారంటే ఇక్కడ సామాన్లు అటక మీదికి ఎక్కుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర మట్టం 71 అడుగులు దాటినప్పుడు, 'వరద పెద్దదే' అని విడిగా ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. 1986లో అదే చోట 75.6 అడుగులు వచ్చిన సంగతి పెద్దలకు గుర్తుంది. వాళ్లు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

ఇది కూడా సమాచారాన్ని కంటికి కనిపించేలా చేసే విద్యే. రంగుల తెరలు లేకుండానే ఇది ఎందుకు అర్థమవుతోందో ఆలోచిస్తే ఐదు సంగతులు కనిపిస్తాయి. అంకె ఒక్కటే ఉంటుంది, దానికి అడుగులు అనే కొలత ఉంటుంది. ఎక్కడిదో చెబుతారు. ఏ గంటకు చూసిందో చెబుతారు. ఏళ్ల తరబడి మారని మూడు గీతలతో దాన్ని పోల్చి చెబుతారు. ఏ గీత దాటితే ఏం చేయాలో ఊరికి ముందే తెలుసు. కొలత, చోటు, వేళ, గీత, పని. ఈ ఐదింటిలో ఏది లేకపోయినా అంకె ఉత్త అంకెగానే మిగిలిపోతుంది.

మా కూడలి బోర్డును ఈ ఐదింటితో పరీక్షించి చూశాం. 168కి కొలత లేదు. ఏ చోట కొలిచారో లేదు. ఏ వేళదో లేదు. ఏ గీత దాటిందో 'మోడరేట్' అనే మాటలో దాచారు. ఏం చేయాలో అసలే లేదు. ఐదుకు ఒక మార్కు కూడా పూర్తిగా రాలేదు.

ఆ అంకె వెనక ఏముంది

గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, గురించి మన పిల్లలకు చెప్పేవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. మన దేశపు సూచీ 2015 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 0 నుంచి 500 వరకు ఆరు మెట్లు. 50 వరకు ముదురు ఆకుపచ్చ, 100 వరకు లేత ఆకుపచ్చ, 200 వరకు పసుపు, 300 వరకు నారింజ, 400 వరకు ఎరుపు, ఆపైన ముదురు ఎరుపు. ధూళి కణాలు, ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా వంటి ఎనిమిది కాలుష్యాలను దీని కోసం లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కోదానికి విడిగా సూచీ కట్టి, అన్నిటిలో ఏది ఎక్కువగా ఉంటే దాన్నే ఆ ప్రాంతపు సూచీగా చెబుతారు. సగటు తీయరు. ఆరు సబ్జెక్టుల్లో ఐదింట్లో మంచి మార్కులు వచ్చినా ఒక్కదాంట్లో తప్పితే పరీక్ష తప్పినట్టే కదా, ఇదీ అంతే.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది వేళ గురించి. ధూళి కణాల లెక్కకు గత 24 గంటల సగటు తీసుకుంటారు. పొద్దున్న రోడ్డు మీద చెత్త తగలబెట్టి పొగ కమ్ముకున్నా బోర్డు మీది అంకె వెంటనే పెరగదు. సాయంత్రం వాన పడి గాలి కడిగినట్టయినా వెంటనే తగ్గదు. 'ఇది నిన్నటి నుంచి ఇప్పటివరకు సగటు' అని బోర్డు మీద ఒక్క ముక్క రాస్తే ఈ అపార్థం ఉండదు.

రెండోది కొలబద్ద గురించి. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. మన దేశపు సూచీ ప్రకారం అది 100, లేత ఆకుపచ్చ, సంతృప్తికరం. అదే 60కి అమెరికా సూచీ 150 దాటుతుంది, ఎరుపు రంగు, అనారోగ్యకరం. కొన్ని ఫోన్ యాప్‌లు అమెరికా కొలబద్దనే చూపిస్తాయి. కూడలి బోర్డు ఆకుపచ్చ, చేతిలో ఫోన్ ఎరుపు. గాలి మాత్రం ఒక్కటే. రెండూ నిజమే చెబుతున్నా మనిషి రెండింటినీ నమ్మడం మానేస్తాడు. కొలబద్ద పేరు చెప్పని అంకె అడుగులో, మీటర్లో చెప్పని నీటిమట్టంలాంటిది.

ఒకే రంగు, రెండు అర్థాలు

బడుల విషయంలో ఇంకో రంగుల పట్టిక ముఖ్యం. అది వాతావరణ శాఖది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే చర్య తీసుకోండి. చెన్నైలోనో, ఒడిశా తీరంలోనో, యానాంలోనో తుపాను రోజుల్లో బడికి సెలవు ఉంటుందా లేదా అని తల్లిదండ్రులు చూసేది ఈ రంగులనే.

ఇక్కడ నాలుగు రంగులు, గాలి సూచీలో ఆరు. వాన నారింజ 'సిద్ధంగా ఉండండి' అంటుంది. గాలి నారింజ 'గాలి బాగాలేదు' అంటుంది. గాలి పసుపులో ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది అప్పటికే మొదలు కావచ్చు. వాన పసుపులో వాన ఇంకా రాకపోయి ఉండవచ్చు. ఈ రెండూ ఒకే బోర్డు మీద మార్చి మార్చి వస్తుంటే, దేనికి ఏ రంగో విడమరచి చెప్పకపోతే, చూసేవాడు పొరబడటం సహజం. పొరపాటు చూసేవాడిది కాదు, పెట్టినవారిది.

రంగును అసలు పట్టుకోలేని పిల్లలూ మన తరగతుల్లో ఉన్నారు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియని వర్ణాంధత్వం తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా కొడుకుకు వస్తుందని మనమే హైస్కూలు తరగతుల్లో చెబుతాం. అందుకే అది అబ్బాయిల్లో ఎక్కువ. ఆ పిల్లవాడికి ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు దాదాపు ఒకేలా కనిపించవచ్చు. గాలి సూచీలో మొదటి మెట్టు రంగూ చివరి మెట్టు రంగూ అవే. రంగు ఒక్కదాని మీదే ఆధారపడి సమాచారం చెప్పకూడదని వెబ్‌సైట్ల కోసం ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని కూడా అందులో ఉంది. పసుపు మీద తెల్ల అక్షరాలు రాసి మధ్యాహ్నపు ఎండలో నిలబెట్టిన బోర్డు ఈ పరీక్షలో నిలవదు. రంగుతో పాటు ఒక గుర్తు, ఒక మెట్టు సంఖ్య ఉంటే ఆ పిల్లవాడూ చదువుకుంటాడు. 'ఆరులో మూడో మెట్టు' అని చెప్పడానికి ఏ రంగూ అవసరం లేదు. గోదావరి హెచ్చరికలకు రంగులు లేవు, వరస సంఖ్యలే ఉన్నాయి.

బోర్డు కూడా నోటీసే

ఇక భాష సంగతి. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో మనం ఎక్కువగా గుర్తుపెట్టుకునేది రాజ్యాంగం 350ఎ అధికరణం, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు. దాని పక్కనే 350బి ఉంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలంటుంది. ఈ రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. వీటికి తోడు కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒప్పుకున్న రక్షణల పథకం ఒకటి ఉంది. అది చట్టం కాదు, ఒప్పుకున్న ఏర్పాటు. అందులో ఒక అంశం ఇది: జిల్లా స్థాయిలో గానీ, అంతకన్నా చిన్న స్థాయిలో గానీ జనాభాలో కనీసం 15 శాతం మంది ఒక భాష మాట్లాడేవారైతే ముఖ్యమైన నియమాలు, నోటీసులు ఆ భాషలోకి అనువదించి ప్రకటించాలి.

ఆ మాట రాసిన నాటికి నోటీసు అంటే గోడకు అంటించే కాగితం. ఇవాళ గాలి, వరద, బస్సు, నీటి సరఫరా కబుర్లు కాగితం మీద రావడం లేదు. తెర మీద వస్తున్నాయి. కాబట్టి బోర్డు కూడా నోటీసే అని మేం భావిస్తున్నాం. 15 శాతం ఉన్న తాలూకాల్లో ఆ తెర మీద తెలుగు కోరడానికి మనకు ఆధారం ఉంది. యానాంలో పరిస్థితి వేరు, అక్కడ స్థానిక భాషే తెలుగు. పుదుచ్చేరి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది.

2011 లెక్కల ప్రకారం తమిళనాడులో సుమారు 42 లక్షల మంది, కర్ణాటకలో సుమారు 35 లక్షల మంది, మహారాష్ట్రలో 13 లక్షల మంది, ఒడిశాలో 7 లక్షల మంది మాతృభాష తెలుగు. రాష్ట్రం మొత్తం మీద చూస్తే 15 శాతానికి ఇది చాలా తక్కువ. తాలూకా స్థాయికి దిగితేనే మన సంఖ్య కనిపిస్తుంది. ఆ లెక్క జనగణన నుంచే రావాలి. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, లెక్కలు రాసేవారు వచ్చినప్పుడు మొహమాటానికి మరో భాష చెప్పేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. మాతృభాష అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు తెలుగు అని చెప్పడమే మనం చేయగలిగే మొదటి పని.

దీనికి వచ్చే అభ్యంతరం మాకు తెలుసు. ఒక బోర్డు మీద ఎన్ని భాషలు పెడతారు? మీ పిల్లలు ఎలాగూ రాష్ట్ర భాష నేర్చుకుంటున్నారు కదా? ఈ మాటలో నిజం లేకపోలేదు. నాలుగు భాషలు తిప్పి తిప్పి చూపించే బోర్డులో మన భాష వచ్చేలోగా సిగ్నల్ పడిపోతుంది. పైగా చుక్కల దీపాల బోర్డు మీద తెలుగు రాయడం సులభం కాదు. ఇంగ్లీషు అక్షరం 5 చుక్కల వెడల్పు, 7 చుక్కల ఎత్తున్న గడిలో ఇమిడిపోతుంది. మన లిపికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు కావాలి. అదే ఎత్తులో ఇరికిస్తే వత్తులు ఎగిరిపోయి 'ఎక్కువ' కాస్తా 'ఎకువ' అవుతుంది. రాష్ట్ర భాషను పిల్లలు నేర్చుకోవాలన్న మాటా సరైనదే. మహారాష్ట్రలో కొన్ని బస్సుల ముందు నంబరు దేవనాగరి అంకెల్లోనే ఉంటుంది, అది చదవలేకపోతే పిల్లవాడు బస్సు తప్పిపోతాడు.

అయితే ఆ పెద్దావిడ ఇప్పుడు కొత్త లిపి నేర్చుకోలేరు. ఆవిడలాంటి వాళ్లు మరాఠీ ఇళ్లల్లో, కన్నడ ఇళ్లల్లో, ఒడియా ఇళ్లల్లో కూడా ఉన్నారు. అక్షరం రానివారికి ఏ లిపి అయినా ఒకటే. అందుకని 'మా భాష పెట్టండి' అని మాత్రమే అడిగితే సగమే అడిగినట్టు. 'ఎవరికైనా అర్థమయ్యేలా పెట్టండి, అందులో మా భాషకూ చోటివ్వండి' అని అడగాలి.

మారే అంకె, మారని కొలబద్ద

మాకు తోచిన దారి ఖరీదైనది కాదు. బోర్డు మీద రోజూ మారేది అంకె ఒక్కటే. ఆరు మెట్లు మారవు, వాటి అర్థాలు మారవు. మారనిదాన్ని ఖరీదైన తెర మీద ఎందుకు తిప్పాలి? తెర కింద ఒక రేకు బిగించి, దాని మీద ఆరు మెట్ల నిచ్చెన బొమ్మ వేసి, ఒక్కో మెట్టు పక్కన ఒక బొమ్మ, రెండు మూడు భాషల్లో ఒక్కో చిన్న మాట పెయింటుతో రాయించవచ్చు. రేకు మీద వత్తులు ఎగిరిపోవు. కరెంటు పోయినా చెరిగిపోదు. వంతెన స్తంభం మీద అడుగుల గుర్తులు పెయింటు వేసి, నీళ్లను మాత్రం పెరగనివ్వడం లాంటిదే ఇది.

మా బడి గేటు పక్కన గోడ మీద ఆరు, ఏడు తరగతుల పిల్లలతో అలాంటి నిచ్చెన వేయించాం. మొదటి రోజు వాళ్లు కేంద్రం వాడిన మాటలనే తెలుగులో రాశారు. సంతృప్తికరం, మధ్యస్థం, అధ్వానం. ఇంటి పెద్దవాళ్లను గేటు దగ్గర నిలబెట్టి చూపించి, మూడు ప్రశ్నలు అడగమన్నాం. ఇవాళ గాలి ఎలా ఉంది? మీకు ఇబ్బందా? ఏం చేస్తారు? మొదటి ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పారు. మూడో ప్రశ్నకు ఎవరూ చెప్పలేకపోయారు. పిల్లలు మాటలు తుడిచేసి మళ్లీ రాశారు. మూడో మెట్టు పక్కన 'ఆయాసం ఉన్నవాళ్లు, పిల్లలు, పెద్దలు జాగ్రత్త, మెల్లగా నడవండి' అని వచ్చింది. పక్కన చేతికర్రతో ఒక ముసలమ్మ బొమ్మ వేశారు. రోజూ పొద్దున్న ఒక పిల్లవాడు అంకె చూసి, ఆ మెట్టు మీద సుద్దతో బాణం గుర్తు వేసి, తేదీ, ఏ కేంద్రం లెక్కో రాస్తాడు.

దీంతో గణితం పాఠమూ జరిగింది. వారం రోజుల అంకెలతో కమ్మీ రేఖాచిత్రం గీయమన్నాం. ఒక పిల్లవాడు నిలువు అక్షాన్ని సున్నా నుంచి కాక 85 నుంచి మొదలుపెట్టాడు. 90, 95 వచ్చిన రెండు రోజుల కమ్మీల్లో ఒకటి మరొకదానికి రెండింతలు కనిపించింది. అంకెల్లో తేడా ఐదే. "గీత సరిగ్గానే గీశాను కదా సార్" అన్నాడు. అంకె నిజమే, బొమ్మ చెప్పినది నిజం కాదు. పేపర్లో, టీవీలో, ఎన్నికల ప్రకటనల్లో గ్రాఫు కనిపిస్తే మొదట అక్షం ఎక్కడ మొదలైందో చూడాలని ఆ రోజు తరగతి మొత్తానికీ తెలిసింది. తర్వాత ఫోన్లో బోర్డు ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూపించాం. రంగు పోయాక ఏమీ అర్థం కాకపోతే ఆ బోర్డు రంగు మీదే బతుకుతోందన్నమాట. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఏ బడిలోనైనా చేయవచ్చు.

మనం అడగవలసినవి

మిషన్ కాలం ముగిసింది కానీ బోర్డులు, కంట్రోల్ కేంద్రాలు ఉన్నాయి. ఇకపై వాటిని నడపడం, బాగుచేయడం నగరపాలక సంస్థల, రాష్ట్రాల బాధ్యత. బోర్డులు పాతబడి కొత్తవి వచ్చే వేళ ఇది. టెండరు పిలిచేటప్పుడే చెప్పకపోతే తర్వాత పదేళ్లు ఉన్నదానితోనే సర్దుకోవాలి.

అందుకని బడి యాజమాన్య కమిటీ తరఫున వార్డు సభ్యునికి, నగరపాలక కార్యాలయానికి ఒక అర్జీ ఇవ్వండి. అల్పసంఖ్యాక భాషలో ఇచ్చిన అర్జీని తీసుకుని జవాబివ్వాలన్నది కూడా ఆ రక్షణల్లో ఒకటి. ప్రతి అంకె పక్కన చోటు, వేళ ఉండాలి. రంగుతో పాటు మెట్టు సంఖ్య, గుర్తు ఉండాలి. ఏం చేయాలో ఒక్క మాట ఉండాలి. మారని కొలబద్దను స్థానిక భాషలన్నిటిలో రేకు మీద రాయించాలి. బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర పెట్టేముందు ఒక్క సాయంత్రం అక్కడ తిరిగే పదిమందికి చూపించి, ఏం అర్థమైందో అడగాలి. ఈ చివరిది జరిగితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయని మా నమ్మకం. పిల్లలు గోడ మీద మాటలు తుడిచి తిరిగి రాసింది ఆ ఒక్క ప్రశ్న వల్లే.

ఆ పెద్దావిడకు మేం చెప్పినది తప్పని మర్నాడే చెప్పాం. ఆవిడ కోప్పడలేదు. "మీకే తెలియకపోతే మాకేం తెలుస్తుంది సార్" అన్నారు. ఆ మాట మాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు గేటు దగ్గర ఆగి, సుద్ద బాణం ఏ మెట్టు మీద ఉందో చూసుకుంటున్నారు. మూడో మెట్టు దాటిన రోజున షేర్ ఆటో ఎక్కుతున్నారు. కూడలిలోని బోర్డు మాత్రం ఇంకా 'మోడరేట్' అనే చూపిస్తోంది.